ఉప్పాడలో సముద్రం ఎందుకిలా అయింది? 31 కాగితాలు వచ్చాయి, ఒకదానికొకటి కలవట్లేదు

సోషల్_మాస్టారు:

నమస్తే అండీ. యు.కొత్తపల్లి మండలంలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. మాది కాకినాడ, ఇక్కడికి బదిలీ మీద వచ్చి 11 ఏళ్లయింది. ఇక్కడ ఉప్పాడ ఒడ్డుని సముద్రం కోసుకుంటూ ఇళ్లనీ రోడ్డునీ మింగేస్తోంది. రోజూ బీచ్ రోడ్డు మీదే నా బండి ప్రయాణం. రోడ్డు ఉన్న రోజున. లేని రోజున పిఠాపురం మీదుగా చుట్టూ తిరిగి వస్తాను, హాజరు పట్టీలో ఆలస్యం పడుతుంది.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫానుకి ఆ రోడ్డు మళ్లీ కొట్టుకుపోయింది. బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక పని అప్పజెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లని ఒకే ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకు రమ్మన్నాను. "మన సముద్రం ఎందుకు ఇలా అయింది?" ఇదే ప్రశ్న. 31 కాగితాలు వచ్చాయి. సైన్స్ ఫెయిర్‌కి ఒక చార్టు చేయిద్దామని నా ఆశ.

కాగితాలు చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఎక్కువమంది కాకినాడ పోర్టు అన్నారు, అది నేను అనుకున్నదే. ఉప్పాడ వాళ్లు పోర్టు గోడని తిడితే, ఉప్పాడకి ఉత్తరాన ఉన్న సుబ్బంపేట, కోనపాపపేట పిల్లల ఇళ్లలో ఉప్పాడకి వేసిన రాళ్ల గోడనే తిట్టారు. "అక్కడ రాళ్లు పోసి మా మీదకి తోలారు" అని ఒక తండ్రి మాట. బోటు మీదకి వెళ్లేవాళ్లు కంపెనీల పైపు నీళ్లు అన్నారు. చేపలమ్మే ఒకావిడ పెద్ద బోట్లు అంది, ఒడ్డుకి దగ్గరగా వచ్చి అడుగు గీకేస్తున్నాయట. జాందానీ నేసే ఇంటి నుంచి వచ్చిన కాగితంలో "సముద్రం సంగతి మాకేం తెలుసు, వాన పడితే మగ్గం గుంటలో నీళ్లొస్తున్నాయి" అని ఉంది. ఇద్దరు గంగమ్మకి జాతర సరిగ్గా చెయ్యట్లేదన్నారు. ఒక పిల్లాడి కాగితం మీద ఒకటే వాక్యం: "మా నాన్న చెప్పలేదు సార్, ముందు చదువుకోమన్నాడు."

సూరాడపేట అమ్మాయి ఒకతి కాగితంతో పాటు వాళ్ల నాయనమ్మని కూడా తీసుకొచ్చింది. ఆవిడ చేతిలో బిస్కెట్ డబ్బా. డబ్బాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది, దాన్లో ఇంకో కవరు, దాన్లో నాలుగు మడతల ఇంటి పన్ను రసీదు. మడతల దగ్గర చిరిగిపోయి, వెనకాల అన్నం మెతుకులతో అంటించిన కాగితం ముక్క. రసీదు మీద డోరు నంబరు ఉంది, భర్త పేరుంది, గుమాస్తా సంతకం ఉంది. ఇల్లే లేదు. "ఆ ఇల్లు ఎక్కడండీ" అంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూపించింది. చేతికి ఎదురుగా నీళ్లే. "ఆ నల్ల బోటు కనపడుతుంది చూడు, దానికి ఇవతల" అంది. ఆవిడ ఇల్లు ఇప్పటికి మూడుసార్లు వెనక్కి జరిగింది. రసీదు ఎందుకు దాచారంటే, "స్థలం నాదే కదయ్యా, నీళ్లు పోతే మళ్లీ వస్తుంది" అంది. ఆవిడ ప్రశ్నకి జవాబు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు నా ప్రశ్న. వీటిలో ఏది నిజం అని చార్టు మీద రాయించను? అన్నీ రాయిస్తే జడ్జిగారు "కారణం ఏంటి బాబూ" అని అడుగుతారు. ఒకటే రాయిస్తే మిగతా పిల్లలు ఇంటికెళ్లి ఏం చెప్తారు? గుడ్డివాళ్లు, ఏనుగు కథ మాత్రం చెప్పకండి దయచేసి. స్టాఫ్‌రూములో ఆరుగురు చెప్పేశారు.

కోనపాపపేట_కుర్రోడు:

మాస్టారూ, నేను చదివింది మీ చుట్టుపక్కల బడిలోనే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆ "రాళ్లు పోసి మా మీదకి తోలారు" అన్నది మా మావయ్య మాటలా ఉంది. ఆయన కాకపోయినా, మా ఊళ్లో పదిమంది అదే మాట అంటారు.

పైపు నీళ్ల సంగతి పిల్లలు ఊరికే రాయలేదండి. మా ఇంట్లో వల ఆరేస్తే ఒక్కోరోజు జిగురు పట్టేది, కడిగినా పోయేది కాదు. అమ్మ సర్ఫ్ వేసి ఉతికేది వలని, నవ్వకండి. అది దేనివల్లో నేను చెప్పలేను. ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలు కూడా వరసగా ఉన్నాయి కదా, సముద్రం నీళ్లు తోడుకుని మళ్లీ సముద్రంలోకే వదులుతారు. వాటిలో పని చేసేది మా ఊరి ఆడవాళ్లే. అందుకే హేచరీ మీద మా ఊళ్లో ఎవరూ నోరెత్తరు. మీ 31 కాగితాల్లో హేచరీ అన్న మాట ఎన్నింట్లో ఉందో ఒకసారి చూడండి. ఒక్కదాంట్లో కూడా ఉండదని నా పందెం.

పాత_ఇంజనీరు_విశాఖ:

మాస్టారూ, డ్రెడ్జింగ్ పనుల్లో, అంటే నీళ్ల అడుగున ఇసుక తవ్వి తీసే పనుల్లో, చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. చార్టుకి పనికొస్తుందేమో చూడండి.

ముందు ఇసుక నడకతో మొదలుపెట్టండి. మన తీరంలో ఇసుక ఒకచోట పడుండదు, ఒడ్డు వెంబడే నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో కెరటం ఏటవాలుగా వచ్చి తగిలి ఇసుకని ఉత్తరం వైపుకి తోస్తుంది. ఈశాన్యం గాలులప్పుడు దక్షిణానికి తోస్తుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో గోడ కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మా విశాఖలో ఔటర్ హార్బర్, అంటే సముద్రంలోకి గోడలు కట్టిన బయటి రేవు, 1976లో మొదలైంది. గోడకి ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి అప్పటి నుంచి ఇసుక బాకీ. అందుకే గోడకి దక్షిణాన చేరిన ఇసుకని డ్రెడ్జర్‌తో తీసి, గొట్టాల ద్వారా బీచ్ మీద పోస్తుంటారు. నేను చేసింది ఆ పనే. పోసిన ఇసుక మళ్లీ నడిచి వెళ్లిపోతుంది, మళ్లీ పోస్తాం. మా ఆవిడ "ఇల్లు ఊడ్చినట్టే ఉంది మీ ఉద్యోగం" అనేది.

ఇప్పుడు మీ ఉప్పాడ. మీకు ఇసుక ఇచ్చేది ఎవరు? గోదావరి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది కానీ, ఒండ్రుకి అసలు అడ్డం పడింది ఆ తర్వాత పైన కట్టిన పెద్ద రిజర్వాయర్ల వల్ల. మహారాష్ట్రలో జయక్వాడి, తెలంగాణలో శ్రీరాంసాగర్, గోదావరి ఉపనదుల మీద ఉన్నవి. 1970ల నాటితో పోలిస్తే గోదావరి సముద్రానికి మోసుకొచ్చే ఒండ్రు సగానికి పైగా తగ్గింది. మరాఠ్వాడాలో చెరుకు రైతుకి నీళ్లు ఆగిన చోటే మీ సూరాడపేట ఇసుక కూడా ఆగింది. ఈ కారణం మీ 31 కాగితాల్లో ఉండే అవకాశం లేదు, ఎందుకంటే ఆ ఆనకట్ట మీ ఊరి నుంచి కనపడదు.

రెండోది హోప్ ఐలాండ్. అది దీవి అంటాం కానీ, గోదావరి ఇసుకతో రెండు వందల ఏళ్లలో పెరిగిన ఇసుక దిబ్బ, సుమారు 16 కిలోమీటర్ల పొడవు. కాకినాడకి అది గోడలా అడ్డం నిలబడుతుంది. ఊళ్లో వాళ్లు దానికి దండం పెట్టాలి. కానీ కెరటం దాని ఉత్తరపు కొస చుట్టూ వంగి, కొసకి అవతల ఉన్న ఒడ్డు మీద బలంగా పడుతుంది. ఆ ఒడ్డే మీది. కాకినాడని కాచే దిబ్బే మీ మీదకి కెరటాన్ని తిప్పుతోంది. ఇందులో మనిషి చేతి పని లేదు, అది కూడా పిల్లలకి తెలియాలి.

మూడోది ఒడ్డున వేసిన రాళ్లు. పదిహేనేళ్ల కిందట మీ దగ్గర జియోట్యూబ్ వేశారు కదా. పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి, వాటి మీద గాబియన్ పెట్టెలు, అంటే రాళ్లు నింపిన వైరు జాలీ పెట్టెలు. కొన్నేళ్లు కాచింది, తర్వాత చిరిగి కొట్టుకుపోయింది. ఇలాంటి గోడ ఏదైనా సరే తన వెనకాల ఉన్న ఇంటిని కాస్తుంది, తన ముందున్న ఇసుకని పోగొడుతుంది. కెరటం గోడకి కొట్టి వెనక్కి పోతూ అడుగున ఇసుక లాక్కుపోతుంది. గోడ అయిపోయిన చోట పక్క ఊరికి కోత మొదలవుతుంది. కోనపాపపేట ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు ఇంజనీరింగ్. మా డిపార్ట్‌మెంటులో ఆ ముక్క రాయడానికి నలభై పేజీలు పట్టేది.

పోర్టు గోడ వాటా ఎంత, గోదావరి వాటా ఎంత అని పైసల్లో పంచమని మాత్రం నన్ను అడక్కండి.

బీచ్_వీకెండ్:

అంతా బాగానే ఉంది. బీచ్ నిండా ప్లాస్టిక్, తెగిన వలలు ఎవరు పడేస్తున్నారు? పోర్టా, గోదావరా? మొన్న ఫ్యామిలీతో వస్తే కాలు పెట్టడానికి జాగా లేదు.

సోషల్_మాస్టారు:

వీకెండ్ గారూ, తెగిన వలలు మావే, ఒప్పుకుంటాను. చిప్స్ కవర్లూ, బీరు సీసాలూ మాత్రం మావి కావు. మా ఒడ్డుకి వేటకొచ్చే వాళ్లు వారాంతాల్లో బీరు తాగరు, వారమంతా తాగుతారు, అదీ ఇంటి దగ్గరే.

కోనపాపపేట బాబూ, నీ పందెం ఓడావు, కానీ కొద్దిలో. హేచరీ అన్న మాట ఒక్క కాగితంలో ఉంది, అది కూడా రాసి కొట్టేశారు. పెన్నుతో నాలుగు గీతలు, వెలుతురుకి పట్టి చూస్తే కనపడుతోంది.

ఏఎన్ఎం_టెక్కలి:

మాస్టారు గారూ, నేను శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎంని. మా సబ్‌సెంటర్ కింద రెండు మత్స్యకార గ్రామాలున్నాయి. అమ్మా వాళ్లది కూడా పల్లే. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి మమ్మల్ని చదివించింది.

మీ పిల్లలు తప్పు చెయ్యలేదండి. తప్పు ప్రశ్నది. ఇంటికెళ్లి "పిల్లాడికి జ్వరం ఎందుకొచ్చిందమ్మా" అని అడిగాననుకోండి, ఐస్ తిన్నాడంటారు, దిష్టి తగిలిందంటారు, అత్తగారింటి నీళ్లు పడలేదంటారు. ఎవరి కోపం ఎవరి మీదుంటే జ్వరం వాళ్ల ఖాతాలో పడుతుంది. అదే "జ్వరం ఎప్పుడొచ్చింది" అనండి. "మొన్న శుక్రవారం పొద్దు వాలాక, పశువుల్ని కట్టేసే వేళ" అని గడియారం పెట్టినట్టు చెప్తారు. ఆ ఇంట్లో ముగ్గురిని విడివిడిగా అడిగినా అదే చెప్తారు. అందుకే నేను "ఎందుకు" అడగడం మానేసి చాలా కాలమైంది. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని. ఈ మూడే.

చేపల గురించి మగవాళ్లనే కాదు, ఆడవాళ్లని అడగండి. బోటు మీదకి వెళ్లినవాడికి ఆ రోజు వేట గుర్తుంటుంది. అమ్మినావిడకి ఏళ్ల తరబడి గుర్తుంటుంది, ఎందుకంటే అప్పు తీర్చింది ఆవిడ. మా అమ్మకి ఏ ఏడు కానాగంతలు గంపలకి గంపలు పడ్డాయో, ఏ ఏడు కవళ్లు లేక ఎండు చేపలకి దిగిందో అన్నీ మా పుట్టిన రోజులతో, పురుళ్లతో కలిపి గుర్తున్నాయి. "నీ తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు చందువ కాటాకి వచ్చేది, ఇప్పుడు ముక్కకి వస్తోంది" అంటుంది.

పెద్ద బోట్ల మాట అన్నావిడది కూడా వట్టి మాట కాదు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చెయ్యకూడదని మన రాష్ట్రంలో చట్టం ఉంది. మా దగ్గర జనవరి, ఫిబ్రవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు పెద్ద బోట్ల వలల్లో చిక్కి చచ్చినవి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఎన్ని వచ్చాయో చూస్తే బోట్లు ఎంత దగ్గరకొచ్చాయో మా ఊళ్లో పిల్లలకే తెలిసిపోతుంది. మా పక్క దాన్ని చంపితే పాపం అంటారు. వలలో పడితే వల కోసి వదిలేసినవాళ్లూ ఉన్నారు, వల ఖరీదు చూసి వదలనివాళ్లూ ఉన్నారు.

సోషల్_మాస్టారు:

అమ్మా, మీ మాట పట్టుకుని మళ్లీ పంపాను. రెండు వారాలు పట్టింది, మధ్యలో యూనిట్ టెస్టులు. ఈసారి ప్రశ్న మార్చాను. "ఇంటి ముందు ఏం ఉండేది? అది ఎప్పుడు పోయింది?" పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు కాబట్టి తుఫాను పేర్లూ, పెళ్లిళ్లూ, పురుళ్లూ ఏవైనా సరే అన్నాను.

కాగితాలు కలిశాయండి. నాకే నమ్మబుద్ధి కాలేదు. పోర్టు అన్న ఇంటివాళ్లూ, రాళ్లు అన్న ఇంటివాళ్లూ, గంగమ్మ అన్నవాళ్లూ ఒకే వరసలో చెప్పారు. ముందు సరుగుడు చెట్లు. తర్వాత ఇసుక దిబ్బ, దాని మీద రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి ఉండేదట, పిల్లలు ఆ గడ్డి బంతుల్ని గాలికి వదిలి పరుగు పందెం పెట్టుకునేవాళ్లట. దిబ్బ పోయాక అలివి వల లాగే చోటు. అలివి వలకి రెండు వైపులా మనుషులు బారులు తీరి నిలబడి లాగాలి కదా, ఒడ్డు వెడల్పు లేకపోతే ఆ వల పనికిరాదు. అది మూలపడ్డాకే కోత ఇళ్ల దాకా వచ్చిందని చాలామంది చెప్పారు. 1996 నవంబరు తుఫాను ముందు ఇసుకలో కబడ్డీ ఆడామన్నవాళ్లు చాలామంది. నివర్ తుఫాను తర్వాత 2020లో ఒడ్డున బంగారం రజను దొరుకుతోందని జనం ఎగబడ్డారు చూడండి, ఆ బంగారం ఎక్కడ దొరికిందో అడిగితే పాత గుళ్లూ, ఇళ్లూ ఉండిన చోటే అని ముగ్గురు వేలు పెట్టి చూపించారు. నేను అప్పుడు టీవీలో చూసి నవ్వుకున్నాను. వాళ్లు వెతికింది వాళ్ల ఊరి కిందే.

దిబ్బ విషయంలో మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. అది సముద్రం తీసుకుపోయిందని అందరూ రాశారు. ఒకే ఒక తాతగారు మాత్రం "సముద్రం తీసుకుంది సగమే. మిగతా సగం మేం పునాదులకి బండ్ల మీద తోలుకున్నాం, మీ బడి పాత బిల్డింగు కూడా ఆ ఇసుకే" అన్నాడట. పిల్లాడు అది రాశాడు, కింద "రాయొద్దు అన్నాడు సార్" అని కూడా రాశాడు. కోనపాపపేట బాబూ, నీ హేచరీ గీతల పక్కన దీన్ని కూడా పెట్టుకో.

చార్టు ఇలా అనుకుంటున్నాం. "ఎందుకు" అన్నది ఎక్కడా రాయం. ఒక పొడవాటి గీత, దాని మీద పోయినవి వరసగా. కింద ఇంజనీరు గారు చెప్పిన ఇసుక నడక బొమ్మ, గోదావరి, హోప్ ఐలాండ్, గోడలు. జడ్జిగారు కారణం అడిగితే పిల్లలు బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఎవరు ఎక్కడ వేలు పెడతారో వాళ్ల ఇష్టం.

ఇంకోటి కూడా మొదలుపెట్టాం. ప్రతి అమావాస్యకీ, పౌర్ణమికీ పోటు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కొలుస్తున్నాం. ఒక కరెంటు స్తంభానికి నైలాను తాడు కట్టి, మీటరుకో ముడి. మొదటిసారి 23 ముడులు వచ్చాయి. రసీదు నాయనమ్మ వచ్చి చూసింది. "ఈ స్తంభానికి కట్టకండిరా, ఇది ఉండదు. బడి గోడకి కట్టండి" అంది. బడి గోడ దాకా తాడు కొనాలంటే ఇంకో రెండు వందల మీటర్లు కావాలి. ఇంజనీరు గారూ, ఉప్పు నీళ్లలో సాగని తాడు ఏదైనా ఉంటే చెప్పండి. వలల కొట్లో ఇచ్చింది తడిస్తే సాగుతోంది, లెక్క తేడా వస్తోంది.